హుక్కు గుండు మీద రంగు

పరుపుల మావయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మీసం తుడుచుకుని, "పెద్ద విషయమేం కాదులెండి" అన్నాడంటే, టీ కొట్టాయన ఇంకో గిన్నె పాలు పొయ్యి మీదికి ఎక్కిస్తాడు. విషయం ఎంత చిన్నదైతే కథ అంత పొడుగు.

ఆ రోజు మధ్యాహ్నం కూడా అలాగే అన్నాడు.

టీ కొట్టు ఎదురుగా మెకానిక్ షెడ్డు. షెడ్డు దాటితే కొండ దారి మొదలు. షెడ్డు ముందు, ట్రైలర్ మీద, కొత్త పడవ ఒకటి బెల్టులతో బిగించి ఉంది. తెల్ల పడవ, అంచున నీలం గీత. దాన్ని చేసింది పడవలావిడ, ఆమె కూతురు, ఇద్దరే, రెండు నెలలు పట్టి. కొండకు అవతల సరస్సు ఉంది. అక్కడ రేవు నడిపే మనిషి పాత పడవ పగిలి మూడు నెలలైంది. ఒడ్డు చుట్టూ తిరిగి వెళ్లలేక జనం అతణ్ణి తిడుతున్నారు, అతను వీళ్లకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. చీకటి పడేలోగా పడవ నీళ్లలో ఉండాలి.

పడవకు ముందు రెండు పికప్ బండ్లు నిలబడి ఉన్నాయి. ఒకటి పడవలావిడది, పెట్రోల్‌ది, ముందు బంపర్ సొట్టపోయి ఉంది. రెండోది పరుపుల మావయ్యది, డీజిల్‌ది, అద్దంలా తుడిచి ఉంది. దేనికి తగిలించాలో ఈ టీ అయ్యేలోగా తేలాలి.

తేల్చాల్సిన మనిషి పడవలావిడే; ఆమె మూల బెంచీ మీద కూర్చుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. ఒక చేత్తో పట్టుకుంటే టీ ఒలుకుతుంది. నెల రోజులుగా ఆమె చేతులు అలాగే ఉన్నాయి.

నెల కిందట ఇదే కొండ అవతలి వైపు దిగుతుంటే, మూడో మలుపులో, వెనకున్న ట్రైలర్ బండిని తోసింది. స్టీరింగ్ దగ్గర తనే. పక్కన కూతురు. ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు, కాలిన వాసన వచ్చింది, ముందు అద్దం నిండా కొండ అంచే. రోడ్డు పనికోసం పోసిన ఇసుక కుప్ప ఒకటి అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు తీసుకెళ్తున్న వేరే పడవకు ముక్కు మాత్రం విరిగింది.

పెట్రోల్ బండి కదా, అంత బరువుకు అది ఆగుతుందా అని చూడ్డానికి వచ్చినవాళ్లంతా అన్నారు. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు.

"మావయ్యనడిగానమ్మా, తన బండి కడతానన్నాడు" అని కూతురు నిన్న చెప్పింది. "నేను పక్కన కూర్చుని వెళ్తాను. నువ్వు ఇంటి దగ్గరే ఉండు. నువ్వు మళ్లీ ఆ దారిలో వద్దు."

అందుకే ఆమె ఇవాళ వచ్చింది. ఆ బండి ఎలాంటిదో వినడానికి.

"పెద్ద విషయమేం కాదులెండి" అన్నాడు పరుపుల మావయ్య మళ్లీ. "ఇటుకల ట్రాక్టరు ఒకటి దిగబడితే లాగాను, అంతే. వానలు పడి రోడ్డంతా గుజ్జు గుజ్జుగా ఉంది, ట్రాక్టరు ఇరుసుల దాకా కూరుకుపోయింది, మా బావమరిది ఉన్నాడే, వాడిది పెట్రోల్ పికప్, వాడు ముందుగా వచ్చి తాడు కట్టాడు. కట్టి లాగుతున్నాడు, ఇంజను గొంతు చించుకుంటోంది, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బురదంతా లేచి ట్రాక్టరు డ్రైవరు మొహాన పడుతోంది, బండి మాత్రం బెత్తెడు కదిలితే ఒట్టు. నేను దిగాను. నాకేం తొందర లేదు. గొలుసు తగిలించాను, మొదటి గేరు వేశాను, చెప్పులు విప్పి పక్కన పెట్టాను."

"చెప్పులెందుకు మావయ్యా?" అంది కూతురు.

"యాక్సిలరేటర్ మీద కాలే పెట్టనప్పుడు చెప్పులెందుకమ్మా? క్లచ్చి వదిలానంతే. డుగ్ డుగ్ డుగ్ మని వచ్చేసింది ట్రాక్టరు. ఒక్క ఇటుక జారలేదు."

మెకానిక్ గోడకానుకుని నిలబడి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు. పడవలావిడకు సొంత తమ్ముడు. "ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చు" అన్నాడు. "డీజిల్‌కి నెమ్మది మీదే బలం. పెట్రోల్‌ని బాగా తిప్పితేగానీ లాగదు."

"విన్నారా! బండ్ల డాక్టరే చెప్పాడు!" మావయ్య తొడ చరిచాడు. "సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ఫర్లాంగు పోయాక ఎందుకో వెనక్కి చూశాను. ట్రాక్టరు వెనకాల సిమెంటు లారీ వస్తోంది. అదీ దిగబడ్డదేనట, దాని డ్రైవరు గుట్టుచప్పుడు కాకుండా ట్రాక్టరుకు తాడు కట్టేశాడు. దాని వెనకాల ఇంకో లారీ. దాని వెనకాల బస్సు. బస్సులో జనం దిగనైనా దిగలేదు, నిద్రపోతున్నారు. నాకేం తెలుసు? బండి నాకు చెప్పలేదే! డీజిల్ బండికి బరువు తెలియదమ్మా, దానికి అన్నీ ఒకటే."

"మరి బావమరిది?" అన్నాడు టీ కొట్టాయన.

"అక్కడికే వస్తున్నా. వాడికి రోషం వచ్చింది. బావా, నీదీ నాదీ వెనకా వెనకా కడదాం, ఎవరు ఎవర్ని లాగుతారో చూద్దాం అన్నాడు. సరేరా అన్నాను. కట్టాం. వాడు అటు మొహం, నేను ఇటు మొహం. వాడి బండి రంకెలేస్తోంది, పొగ, ధూళి, ఊరంతా చేరింది. నేను ఏదో ఆలోచనలో పడి, కట్టిన సంగతే మరిచిపోయి, ఇంటికెళ్లిపోయాను. స్నానం చేసి అన్నానికి కూర్చుంటే వాకిట్లో ఎవరో ఏడుస్తున్నారు. వెళ్లి చూస్తే బావమరిది! రెండు కాళ్లూ బ్రేకు మీదే ఉన్నాయి పాపం. టైర్లు అరిగి అరిగి, చేతికి గాజుల్లా వేసుకోవచ్చు, అంత మిగిలాయి."

కూతురు పకపకా నవ్వింది. పడవలావిడ ఆ నవ్వు వంక చూసింది. నెల రోజుల తర్వాత వినిపించిన నవ్వు. దాని కోసమైనా ఈ కథ నిజమైపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

"అన్నయ్యా" అంది.

అందరూ ఇటు తిరిగారు. ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు.

"దిగేటప్పుడు?"

"దిగేటప్పుడా?" మావయ్య చెయ్యి గాలిలో విసిరాడు. "దిగేటప్పుడేముంది చెల్లెమ్మా, ఎక్కిన బండి దిగలేదా? ఇంజను బరువుకే అది భూమికి అతుక్కుని పోతుంది. దిగడం గురించి బండి చూసుకుంటుందమ్మా, నువ్వు దిగులు పెట్టుకోకు."

మెకానిక్ అక్క వైపు చూసి, మళ్లీ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇసుక కుప్పలోంచి బండిని తెచ్చిన మర్నాడు అతనొక మాటన్నాడు. "అక్కా, బండి బ్రేకులు కాలి బొగ్గయ్యాయి. ట్రైలర్ బ్రేకులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి." అంతే అని ఊరుకున్నాడు. ఆమె కూడా ఊరుకుంది.

"ఇక మన్నిక సంగతి వినండి" మావయ్య ఊపందుకున్నాడు. "లాగడం ఎవరైనా లాగుతారు, నిలబడడం గొప్ప. నా ఇంజను ఇంతవరకూ విప్పలేదు. నట్టు మీద పానా పెట్టనివ్వలేదు. ఒకసారి పెళ్లికని ఊరెళ్లాం, బండి షెడ్డులో పెట్టాను, వచ్చేసరికి పదకొండు నెలలైంది."

"పదకొండు నెలల పెళ్లా?" అన్నాడు టీ కొట్టాయన.

"చుట్టాలు వదిలితేగా! సరే, వచ్చి తాళం తీద్దామని చూస్తే తాళంచెవి బండికే ఉంది. ఇంజను నడుస్తోంది. ఆపడం మరిచిపోయి వెళ్లానన్నమాట! పదకొండు నెలలూ డుగ్ డుగ్ డుగ్. బానెట్ వెచ్చగా ఉందని పక్కింటివాళ్ల కోళ్లన్నీ వచ్చి దాని మీదే గుడ్లు పెట్టాయి, గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టాయి. ఆ పిల్లలకు తల్లెవరో తెలుసా? నా బండే. హారన్ కొడితే నలభై పిల్లలు పరుగెత్తుకొచ్చేవి."

"మరి ఇన్నాళ్లూ డీజిలెవరు పోశారు మావయ్యా?"

"అదే నాకూ అనుమానం వచ్చింది. ట్యాంకు మూత తీసి చూస్తే లోపల చుక్క లేదు. మూతకు చుట్టిన పాత గుడ్డ ఉంది చూడు, దానికి కాస్త డీజిల్ వాసన ఉంది. ఆ వాసన మీద నడిచింది. అదే మా బావమరిది పెట్రోల్ బండయితేనా, రెండు రోజులు ఎండలో పెడితే చాలు, స్టార్ట్ చేయబోతే తుమ్ముతుంది, ప్లగ్గులు తీసి నోటితో ఊదాలి, మళ్లీ పెట్టాలి, మళ్లీ తుమ్ముతుంది."

ప్లగ్గులు. ఆ మాట దగ్గర పడవలావిడ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

ఆయనన్నది ఇంజను ప్లగ్గుల గురించి. ఆమెకు గుర్తొచ్చింది వేరే ప్లగ్గు. ట్రైలర్‌కి వేరే బ్రేకులుంటాయి. వాటి వైరు చివర ఒక ప్లగ్గు ఉంటుంది. దాన్ని బండి వెనకున్న సాకెట్టులో పెడితేనే, ముందు బండి బ్రేకు తొక్కినప్పుడు వెనక ట్రైలర్ కూడా ఆగుతుంది. పెట్టకపోతే వెనక ఉన్నదంతా ఉత్త బరువే. ఆ ప్లగ్గు పెట్టే పని ఎప్పుడూ డ్రైవరుది. వాళ్లింట్లో అది ఆమె పని.

ఆమె లేచింది. మొహం కడుక్కోవడానికేమో అనుకున్నారంతా. ఆమె నీళ్ల కుండ వైపు పోలేదు. డీజిల్ బండి వెనక్కి పోయింది.

వెనక మావయ్య గొంతు సాగుతూనే ఉంది. ఇప్పుడు రైలు దాకా వచ్చాడు. గేటు దగ్గర గూడ్సు ఆగిపోయిందట, ఇంజను చెడిపోయిందట, స్టేషను మాస్టరు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడట, అరవై పెట్టెలకు ఒకటే గొలుసు వేశాడట. "మూడో గేరులో లాగాను. మొదటి గేరులో అయితే పట్టాలు కూడా వచ్చేస్తాయని!"

పడవలావిడ వంగింది. బండి వెనక హుక్కు, దాని మీద ఇనప గుండు. ట్రైలర్ వచ్చి కూర్చునేది దాని మీదే. తన బండి గుండు ఎలా ఉంటుందో ఆమె చేతివేళ్లకు తెలుసు. పైన రంగు మొదటి రోజే పోతుంది, ఇనుము తేలి వెండిలా మెరుస్తుంది, చుట్టూ నల్ల జిడ్డు. ఎన్ని చీరలకు అంటిందో లెక్కలేదు.

ఈ గుండు నల్లగా ఉంది. కొట్లోంచి వచ్చినప్పటి నలుపు. నెత్తి మీద గీత కూడా లేదు. పక్కనే సాకెట్టు. మూత ఎత్తి చూసింది. లోపల కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. నున్నగా, ఓపిగ్గా, ఎవరూ కదిలించరని నమ్మకం కుదిరాక కట్టిన గూడు.

గూడును బొటనవేలితో ఒత్తి చూసి, మిగతా వేళ్లతో గుండంతా తడిమింది.

తిరిగి వచ్చేసరికి కథ కొండ దగ్గరికి వచ్చింది.

"ఏ కొండ కాదమ్మా, ఈ కొండే! మీరు ఇప్పుడు ఎక్కబోయే ఈ కొండే. అప్పట్లో ఇది ఇక్కడ లేదు."

"మరెక్కడుంది?" అన్నాడు మెకానిక్.

"అదుగో అటు, అర కిలోమీటరు ఎడంగా. రోడ్డుకు అడ్డంగా బండరాయి ఒకటి పడిందని నన్ను పిలిపించారు. గొలుసు వేశాను, లాగాను. వస్తోంది. మంచిదే అనుకున్నాను. ఇంకాస్త లాగాను. ఇంకా వస్తోంది. ఇదేం రాయిరా ఎంతకీ తెగదు అని తల తిప్పి చూశాను కదా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది రాయి కాదు! కొండ బొటనవేలు! వేలు పట్టి లాగితే మనిషి రాడా, కొండ మొత్తం చెట్లతో సహా, చెట్ల మీద పిట్టలతో సహా, నా వెనకాలే నడిచి వచ్చేసింది!"

"ఓహో" అన్నాడు టీ కొట్టాయన. "మా కొట్టుకు పొద్దున్నే ఎండ ఎందుకు తగలదో ఇప్పుడు తెలిసింది."

"మరి అందుకే! వెనక్కి తోసేద్దామనుకున్నాను, రివర్సు గేరు కూడా వేశాను, కానీ అప్పటికే దాని చుట్టూ రోడ్డు వేసేశారు, ఉండనీలే అని వదిలేశాను. కొండనే లాగిన బండికి ఈ పడవ ఒక లెక్కా? పడవంటే ఏమిటసలు? నీళ్ల మీద తేలే వస్తువు. బరువుంటే తేలుతుందా? పదమ్మా పిల్లా, తగిలించు. ఒక కునుకు తీసేలోగా సరస్సు దగ్గరుంటాం."

కూతురు లేచింది. లేచి అమ్మ వైపు చూసింది, సరేనా అన్నట్టు.

పడవలావిడ చేయి చాపి చూపించింది. బొటనవేలి మీద మట్టి తప్ప, వేళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"అన్నయ్యా. కొండను లాగిన హుక్కు గుండు మీద కొన్నప్పటి రంగు అలాగే ఉందేం?"

టీ కొట్టాయన పొంగుతున్న పాలలో గరిటె పెట్టాడు.

"అదా" అన్నాడు మావయ్య. "అది కంపెనీ రంగు చెల్లెమ్మా. గట్టిది."

టీ కొట్టాయన నవ్వు ఆపుకోలేక గరిటె కింద పడేశాడు. మెకానిక్ వెళ్లి, చూసి, అక్కణ్ణుంచే అరిచాడు. "సాకెట్టులో కందిరీగల కాపురం కూడా ఉంది! పుట్టి బుద్ధెరిగాక ఈ బండి ట్రైలర్ మొహం చూడలేదు!"

"రైలు లాగినప్పుడు ప్లగ్గు అక్కర్లేదని..." మావయ్య మొదలుపెట్టాడు గానీ మాట మధ్యలోనే దిగబడింది. ఈసారి లాగడానికి ఎవరూ రాలేదు. గ్లాసులో చూసుకుంటూ చిన్న గొంతుతో అన్నాడు. "కొన్నప్పుడు హుక్కు ఊరికే ఇచ్చారు చెల్లెమ్మా. వద్దంటామా? నేను బండిలో వేసేవి పరుపులు. దూది. ఆ మలుపులంటే నాకూ భయమే. పిల్ల అడిగింది. కాదనలేకపోయాను."

"మావయ్యా!" అంది కూతురు. ఏడుపూ కోపమూ కలిసిన గొంతు. "తెలియకుండానే తీసుకెళ్లేవాడివా?"

"ఆయన్ననకు" అంది పడవలావిడ. "నాది అంతకంటే పెద్ద కోత."

ఎవరికీ అర్థం కాలేదు. మెకానిక్‌కి తప్ప.

"పెట్రోల్ బండి ఆగలేదని అందరూ అన్నారు. నేను ఊరుకున్నాను." ఆమె కూతురి మొహం లోకి చూసి చెప్పింది. "ఆ రోజు ట్రైలర్ ప్లగ్గు నేను పెట్టలేదు. నువ్వు పెట్టావనుకున్నాను. నువ్వు నేను పెట్టాననుకున్నావు. అది నా పని. బండి తప్పేం లేదు."

చెప్పేసింది. నెల రోజులుగా దాచుకున్నది ఇంత చిన్న మాటా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

కూతురు ట్రైలర్ వైపు చూసింది. "నేను దిగి చూడాల్సింది" అంది.

"ఇవాళ చూడు."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "గూడు తీసేస్తే నా సాకెట్టు పనిచేస్తుంది కదా చెల్లెమ్మా. బండి నువ్వే తోలుకో. డీజిల్ బలం మాత్రం అబద్ధం కాదు."

"కాదు" అంది ఆమె. "మీ బండి బలమైందే అన్నయ్యా. మన్నేదే. కానీ కొత్త బండితో ఆ మలుపులు నేర్చుకోను. నాదేం చేస్తుందో నాకు తెలుసు." తమ్ముడి వైపు తిరిగింది. "ఎక్కుతుందా?"

"రెండో గేరులో ఏడుస్తుంది. ఎక్కుతుంది. దిగేటప్పుడు కూడా రెండోదే ఉంచు. కాలు ఎత్తితే పెట్రోల్ ఇంజను తనంతట తనే కాస్త పట్టి ఉంచుతుంది. మిగతాది ట్రైలర్ బ్రేకు చూసుకుంటుంది. బండి బ్రేకులకు కూడా కొత్త లైనింగు వేశాను, నాది పూచీ."

"ప్లగ్గు నాది పూచీ" అంది ఆమె.

బండి వెనక్కి తీయడానికి స్టీరింగ్ పట్టుకుంటే వేళ్లు వణికాయి. పట్టు బిగిస్తే వణుకు మోచేతుల్లోకి పోయింది. అక్కడుండనీ అనుకుంది. ఒక్కసారికే గుండును ట్రైలర్ ముక్కు కిందికి సరిగ్గా తెచ్చింది. ట్రైలర్ ముక్కు దిగి టక్కుమని కూర్చుంది. ట్రైలర్ ఊడినా పట్టి ఉంచే గొలుసులు అడ్డదిడ్డంగా కాకుండా ఒకదాని మీదొకటి దాటించి తగిలించింది. ప్లగ్గు తీసుకుని, కొంగుతో తుడిచి, సాకెట్టులో పెట్టి తిప్పింది. లాగి చూసింది. మళ్లీ లాగి చూసింది.

"తొక్కు" అంది కూతురితో.

కూతురు లోపల బ్రేకు తొక్కింది. పడవలావిడ నేల మీద మోకాళ్లూని ట్రైలర్ చక్రం దగ్గర చెవి పెట్టింది. లోపల సన్నగా గుయ్‌మంది, గట్టిగా పట్టింది.

"వదులు. మళ్లీ తొక్కు."

మూడుసార్లు విన్నాక లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, కూతుర్ని పక్క సీటులోకి జరగమంది.

"నేను తోలనా అమ్మా?"

"వచ్చేటప్పుడు తోలు. పోయేటప్పుడు నేనే."

ఇంజను స్టార్టయింది. ఒక్కసారి తుమ్మింది కూడా. టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. ఆమె గేరు వేసింది. పడవ మెల్లగా కదిలి, అటూ ఇటూ ఊగి, సర్దుకుని, వెనకాలే వచ్చింది.

కొట్టు దాటుతుంటే కిటికీలోంచి మావయ్య గొంతు వినిపించింది. కొత్తగా ఎవరో టీకి వచ్చి కూర్చున్నట్టున్నారు.

"పెద్ద విషయమేం కాదులెండి. ఆ వెళ్తోంది చూశారూ, పెట్రోల్ బండి? మా చెల్లెలిదే. మొన్న ఒక ఓడను లాగింది. సముద్రం కూడా వచ్చేస్తుందని భయపడి, నేనే వెనక నుంచి పట్టుకున్నాను..."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడవలావిడ నవ్వలేదు. ముందు మొదటి మలుపు కనిపిస్తోంది. రెండో గేరు వేసి, అద్దంలో ఒకసారి ప్లగ్గు వైపు చూసుకుంది.